నత్తల పులుసు

కుమాసి వైపు కోకో తోటల్లో ఉన్న మా ఊళ్ళో ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళామూ ఒక ఇంట్లో ఉండేవాళ్ళు కాదు. ఉంటే నవ్వేవాళ్ళు, ఆ ఆడదానికి పుట్టిల్లు లేదా, ఆ మగాడికి తోబుట్టువులు లేరా అని. అమ్మ తన తల్లి ఇంట్లో ఉండేది, నాన్న తన అక్క ఇంట్లో. పొద్దు వాలేసరికి వీధి నిండా నెత్తిన కుండలతో పిల్లలు కనపడేవాళ్ళు. ప్రతి పెళ్ళామూ తన మొగుడికి వండి పంపాల్సిందే. ఏ కుండ ఏ గుమ్మంలోకి పోతోందో చూసి ఎవరి కాపురం ఎలా ఉందో తేల్చేసే ముసలమ్మలకు మా వీధిలో కొదవ లేదు. కుండ ఆగిపోయిందంటే ఆవిడ మొగుణ్ణి వదిలేసినట్టు. మూత తీయకుండా కుండ వెనక్కి వచ్చిందంటే ఆయన పెళ్ళాన్ని వదిలేసినట్టు. దాని మీద ఇంక వాదనలుండవు.

మా కుండ నేను మోసేదాన్ని. అప్పుడు నాకు పదకొండేళ్ళు. కుండలో పులుసు, దాని మీద గిన్నెలో కర్రపెండలమూ అరటీ ఉడికించి దంచిన ఫుఫు ముద్ద, ఆ పైన గుడ్డ. నాన్న చేతులు కడుక్కుని, మూత తీసి వాసన చూసి, మాట్లాడకుండా తినేవాడు. ఫుఫు నమిలే పనిలేదు కదా, పులుసులో ముంచి మింగడమే. చివర ఒక ముద్దా ఒక మాంసం ముక్కా అడుగున వదిలి కుండ నా వైపు జరిపేవాడు. అది మోసిన పిల్ల హక్కు. నేను తింటుంటే చూస్తూ అప్పుడు నోరు విప్పేవాడు.

"దుఫీ, మీ అమ్మని అడుగు, ఇంట్లో ఉప్పు అయిపోయిందా అని."

నేను ఇంటికొచ్చి అడిగేదాన్ని. అమ్మ రోలు కడుగుతూ, తలెత్తకుండా జవాబు చెప్పేది.

"రేపు ఉత్త ఉప్పే పంపుతా, నాక్కోమను."

మర్నాడు కారం ఎక్కువైందని కబురు వచ్చేది. నన్ను చంపి ఇంకొకణ్ణి కట్టుకుందామనా అని అడిగేవాడు నాన్న. ఆ ఇంకొకడికి మళ్ళీ మొదట్నుంచీ వండి పెట్టే ఓపిక నాకు లేదని చెప్పు, అనేది అమ్మ. ఇలా వాళ్ళ సరసమంతా నా నెత్తి మీదుగానే నడిచింది. అన్నేళ్ళ కాపురంలో మా నాన్న వంట బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. అమ్మ ఆ మాట కోసం ఎదురు చూడనూ లేదు. ఏదో ఒక వంక మాత్రం రావాలి, అది వచ్చేదాకా ఆవిడకి పని మీద మనసు నిలిచేది కాదు.

ఎనభై మూడులో మా వైపు వానలు పడలేదు. ఉత్తరాన్నించి వచ్చే ఎండుగాలి రోజుల తరబడి వీచి వీచి అడవిని పుల్లల మోపు చేసేసింది. నిప్పు ఎక్కడ అంటుకుందో ఎవరికీ తెలీదు. మా నాన్న కోకో తోట ఒక్క మధ్యాహ్నంలో పోయింది. పచ్చి కొమ్మలు విరిచి మంటల్ని బాదుతూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడట. ఇంటికొచ్చి పడుకున్నాడు. ఆ పడుకోవడం ఇంక లేవలేదు. ఆసుపత్రికి తీసుకుపోదామంటే లారీలకి పెట్రోలు లేదు.

నిప్పు ఆరిన వారం ఊరంతా మాంసం తిన్నాం. అవును, కడుపు నిండా. అడవిలో కాలి పడున్న గడ్డి ఎలుకల్నీ చిన్న జింకల్నీ పిల్లలం బుట్టలతో ఏరుకొచ్చాం. ఆ తర్వాత ఏరుకోవడానికి ఏమీ లేదు. ముందు కర్రపెండలం మాయమైంది, తర్వాత అరటి, ఆ తర్వాత చేమాకు కూడా. పచ్చి బొప్పాయి ఉడకబెట్టి, దాంట్లో ఎక్కడైనా దొరికిన గుప్పెడు కర్రపెండలం కలిపి దంచి, అదే ఫుఫు అనుకున్నాం. అది ముద్ద కట్టదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. దంచేటప్పుడు రోట్లో చెయ్యి పెట్టి తిప్పే పని నాది, అందుకని నాకు బాగా తెలుసు. మంట అందని పామాయిల్ చెట్టు ఒక్కటి మా అమ్మమ్మ పొలం చివర మిగిలింది. దాని కాయలు ఉడకబెట్టి, మెల్లిగా దంచి, నీళ్ళు పోసి పిసికి, పీచు తీసేసి, ఆ ఎర్రటి రసాన్ని నూనె పైకి తేలేదాకా మరగనిచ్చేది అమ్మ. ఒక్క ఎండుచేప తల వారమంతా అందులో ఉడికేది. దాన్ని తినడానికి లేదు, మళ్ళీ తీసి దాచాలి.

తమ్ముడు ఆ నిప్పుకి కొద్దిగా ముందు పుట్టాడు. ఎనిమిదో రోజున నాన్న వచ్చి, తన తండ్రి పేరే యెబొవా అని పెట్టి, కాసేపు ఒళ్ళో పడుకోబెట్టుకుని వెళ్ళాడు. ఆయన మా గుమ్మం ఎక్కడం అదే ఆఖరు. పాలిచ్చే బాలింత, బిడ్డ తనంతట తాను కూర్చునేదాకా, మొగుడింటి గడప తొక్కకూడదు. అందుకని మంచాన పడ్డ మొగుణ్ణి అమ్మ చూడనే లేదు. చూసేదల్లా తిరిగొచ్చిన కుండనే.

వండినదాంట్లో ముందు నాన్న కుండ తీసేది అమ్మ. తర్వాత నాకు, తర్వాత అమ్మమ్మకి. మిగిలిన అడుగులో నీళ్ళు పోసి గీరి తను తాగేది. తమ్ముడు రొమ్ము పట్టుకుని లాగి లాగి, పాలు రాక, తల కొట్టుకుంటూ ఏడ్చేవాడు. కొన్నాళ్ళకి ఏడవడం తగ్గించాడు. అది చూసి మా అమ్మమ్మ తివాకి భయం పట్టుకుంది. ఆవిడ మామూలుగా దేనికీ భయపడే మనిషి కాదు.

ఆ రోజుల్లోనే కుండ నాన్న గదిలోకి వెళ్ళడం ఆగిపోయింది. పొకువా అత్త గుమ్మంలోనే అందుకునేది. మా మేనత్త భారీ మనిషి, నోరు ఇంకా భారీ. వాళ్ళాయన లాగోస్ పనికి పోయి అజాపజా లేడు. ఆవిడ వెనకాల ఆవిడ పిల్లలు నిలబడి నా మొహం చూడకుండా నా నెత్తి మీద కుండని చూసేవాళ్ళు. అందరిలోకీ చిన్నది సెర్వా, ఆరేళ్ళది. అదొక్కటే నా పక్కకొచ్చి చెయ్యి పట్టుకునేది.

"మీ నాన్న నిద్రపోతున్నాడే. ఇలా తే, లేచాక నేను పెడతా" అనేది అత్త.

కాసేపటికి కుండ తెచ్చి ఇచ్చేది. అడుగున నా ముద్ద లేదు. "బాగుందన్నాడని చెప్పు మీ అమ్మకి."

మొదటిసారి ఆ మాట ఇంటికి మోసుకొచ్చినప్పుడు అమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఎవరన్నారు?"

"నాన్న."

"మీ నాన్న అన్నాడా, అన్నాడని మీ అత్త అందా?"

"అన్నాడని అత్త అంది."

"ఉప్పు సంగతీ కారం సంగతీ ఏం లేదూ?"

"లేదు. బాగుందన్నాడంట."

అమ్మ కుండ అందుకుని వెలుతురుకి పెట్టి చూసింది. అమ్మమ్మ కూడా వచ్చి వంగి చూసింది. లోపలి గోడ చుట్టూ ఎండిన పులుసు మీద వేళ్ళ గీతలు.

"చూశావా" అంది అమ్మమ్మ. "ఇవి మగాడి వేళ్ళా? నా మనవరాలి వేళ్ళకంటే సన్నంగా ఉన్నాయి. నీ కూడు ఎవరు తింటున్నారో కనపడ్డంలా?"

"అడుగు నాకుతున్నారేమో పిల్లలు. నాకితే తప్పేంటి."

"నువ్వు అడుగు నాకుతున్నావ్, నీ బిడ్డకి పాల్లేవు. అదీ తప్పు. ఆపెయ్యవే ఫోసువా."

"మంచాన పడ్డ మొగుడికి కూడు ఆపేసిందంటారు."

"అననీ. అన్నవాళ్ళొచ్చి పాలిస్తారా వాడికి?"

"ఆయన తింటున్నాడేమో అమ్మా. నా కుండ ఒక్కటే ఆయన్ని నిలబెడుతోందేమో. నేను ఆపాక పోయాడనుకో, ఇంక నేను బతకాలా?"

 "అయితే తెలుసుకో, తింటున్నాడో లేదో" అని విసుక్కుని అమ్మమ్మ వెళ్ళిపోయింది. ఆ మాట ఊరికే అందిగానీ, అమ్మ దాన్ని వదల్లేదు.

ఒక తెల్లవారుజామున నాలుగు చినుకులు పడ్డాయి. వాన అనుకుని ఊరంతా బయటికొచ్చి నిలబడేసరికి ఆగిపోయింది. ఆ తడికి వాగు గట్టున నత్తలు పైకొచ్చాయి. అమ్మమ్మ వెళ్ళి ఒక చిన్న బుట్టలో పట్టుకొచ్చింది. ఒక్కోటి అరచేయంత ఉంది. నత్త మా నాన్నకి పనికిరాదు. ఆయన తండ్రి వైపు వాళ్ళెవరూ ముట్టరు, ఆ నిషిద్ధం తండ్రి నుంచి పిల్లలకి వస్తుంది. అందుకని నేనూ ముట్టను, తమ్ముడూ ముట్టడు. అమ్మకి తప్పులేదు కానీ, నాన్న కుండ కాగే పొయ్యి మీద నత్త ఉడక్కూడదని పెళ్ళయిన దగ్గర్నుంచీ మానేసింది. అమ్మమ్మ ఎప్పుడైనా వండుకుంటే పెరట్లో వేరే రాళ్ళ మీద వండుకునేది.

ఆ మధ్యాహ్నం అమ్మ పెంకులు పగలగొట్టి, నత్తల్ని బూడిదతో రుద్ది రుద్ది జిగురు పోయేలా కడిగింది. అమ్మమ్మ కోసం అనుకున్నాను. తీసుకెళ్ళి పొయ్యి మీద మరుగుతున్న నాన్న పులుసులో వేసింది.

"అమ్మా, అది నాన్న కుండ."

"నాకు కళ్ళున్నాయి."

అమ్మమ్మ వాసనకి లోపల్నించి పరిగెత్తుకొచ్చింది. కుండలోకి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మతి పోయిందేమే నీకు. మొగుడికి నిషిద్ధం వండి పంపుతావా? ఊళ్ళో తలెత్తుకుని తిరగాలని లేదా?"

"తినే నోరుంటే కుండ వెనక్కొస్తుంది" అంది అమ్మ. "తిట్టూ వస్తుంది. ఆ తిట్టు కోసమే పంపుతున్నా."

"రాకపోతే?"

 అమ్మ నత్తలు పైకి కనపడేలా సర్దింది, దాచేలా కాదు. గుడ్డ కప్పి కుండ నా నెత్తిన పెట్టింది.

ఆ కుండ వెనక్కి రావాలని దారంతా కోరుకున్నాను. నాన్న నన్ను లోపలికి పిలిచి అరవాలని, చెంప మీద కొట్టినా పర్వాలేదని అనుకున్నాను. అత్త గుమ్మంలోనే మూత తీసింది. లోపలికి చూసింది, తర్వాత నన్ను చూసింది. మూత మళ్ళీ పెట్టి, ఎప్పుడూ లేనిది, కుండతో నాన్న గదిలోకే వెళ్ళింది. నేనూ ఆ పిల్లలూ బయట నిలబడ్డాం. లోపల్నించి అరుపు వినపడలేదు. చాలాసేపటికి అత్త తలుపు తీసి పిల్లల్ని లోపలికి పిలిచింది. నేను అక్కడే ఉన్నాను. వాళ్ళు తినే చప్పుడు నాకు వినపడుతోంది.

అత్త కుండ తెచ్చి ఇచ్చింది. ఖాళీ కుండ.

"బాగుందన్నాడని చెప్పు" అంది. నా మొహంలోకి చూడలేదు.

అమ్మ కుండ అందుకుని కింద పెట్టి, దాని పక్కనే కూలబడింది. పోయాడనే అనుకుంది. పోయిన సంగతి దాచి, కుండ కోసం తనతో ఆడుతున్నారనుకుంది. ఏడవలేదు. తమ్ముణ్ణి వీపున వేసుకుని గుడ్డ బిగించి కట్టింది. "పద" అంది నాతో. బాలింత మొగుడింటి వైపు నడుస్తుంటే వీధిలో కుండల పిల్లలందరూ ఆగి చూశారు.

పొకువా అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "బాలింతవి. గడప తొక్కకు ఫోసువా, నా మాట విను."

"తప్పుకో వదినా."

"వాడే నిన్ను రానివ్వొద్దన్నాడు."

"ఎప్పుడన్నాడు? ఏ నోటితో అన్నాడు? తప్పుకో."

అత్త తప్పుకుంది.

చాప మీద పడుకున్న మనిషిని నేను గుర్తుపట్టలేదు. మా నాన్న కుసి అంటే, నలుగురు ఎత్తే దూలాన్ని ఇంకొక్కడితో కలిసి ఎత్తిన మనిషి. అక్కడున్నది దుప్పటి, దాని కింద ఎముకలు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"వచ్చావా" అన్నాడు. గొంతు లేదు, గాలి మాత్రమే.

"బతికే ఉన్నావు" అంది అమ్మ. కోపంగానే అంది.

"ఇంకా."

"మరి నా నత్తలు తిన్నదెవరు?"

"పిల్లలు. వాళ్ళ తండ్రి వేరు, వాళ్ళకి తప్పులేదు. అక్క కుండ తిప్పి పంపుతానంది. నేనే వద్దన్నా."

"ఎన్నాళ్ళనించి తినట్లేదు?"

"నిప్పు నాటి నుంచే గొంతు పూడుకొస్తోంది. కుండ గుమ్మంలో ఆగిన దగ్గర్నుంచీ ముద్ద దిగట్లా. నీళ్ళు పోసినా సగం పక్కనించి కారిపోతున్నాయి."

"దుఫి రోజూ గుమ్మం దాకా వచ్చింది. ఒక్క మాట చెప్పి పంపలేకపోయావా?"

"ఏమని పంపను? కుండ తిప్పితే నిన్ను వదిలేసినట్టు. తినలేకపోతున్నానని కబురు పెడితే ఇంకాస్త మెత్తగా దంచి, ఇంకాస్త ఎక్కువ పంపుతావ్. నీ సంగతి నాకు తెలీదా." ఊపిరి కోసం ఆగాడు. "కుండ వచ్చేది. వీళ్ళు తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళు. నేనేం చెయ్యను."

అమ్మ తలుపు వైపు తిరిగి చూసింది.

"ఇవాళ నత్త అంది అక్క. పోన్లే, విసిగిపోయింది, వదిలేస్తోంది నన్ను అనుకున్నా. హాయిగా అనిపించింది ఫోసువా."

"హాయిగానా."

"ఊఁ. వాణ్ణి ఇలా ఇవ్వు."

అమ్మ తమ్ముణ్ణి విప్పి ఆయన పక్కన పడుకోబెట్టింది. నాన్న చెయ్యి పైకి లేవడానికి చాలాసేపు పట్టింది. తమ్ముడి తొడ పట్టుకున్నాడు. చర్మం వేళ్ళ మధ్యకి సాగి వచ్చింది. తమ్ముడు ఆయన వేలు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టాడు.

"పాలున్నాయా నీకు?"

"ఉన్నాయి."

"నీకు అబద్ధం చేతకాదు." వేలు లాక్కోలేదు. "పెద్దల్ని పిలిపిస్తా. తెల్లసుద్ద పూసేస్తా నీకు."

మా వాళ్ళలో మొగుడు పెళ్ళాం భుజం మీద తెల్లసుద్ద పూస్తే ఇద్దరికీ రుణం తీరినట్టే. అమ్మ అప్పుడు ఏడ్చింది. నేను మా అమ్మ ఏడవగా చూడ్డం అదే మొదలు. "నేనేం తప్పు చేశాను" అంది. "నీకు వండి పంపడం తప్పా?"

"నేను పోతున్నా. ఇది నీకూ తెలుసు. నా పెళ్ళానివై ఉండగా పోతే నిన్ను విధవ గదిలో కూర్చోబెడతారు. పొయ్యి మీద వండింది ముట్టనివ్వరు. ఉన్న ఆ నాలుగు చుక్కలూ పోతాయి. వీడు నా వెనకే వచ్చేస్తాడు. నాకు వీడు అక్కడ వద్దు."

తలుపు దగ్గర నిలబడ్డ పొకువా అత్త మొహం తిప్పుకుంది. కుండ ఆగితే తన పిల్లలకేమవుతుందో ఆవిడకి తెలుసు. అయినా నోరెత్తలేదు. నోరు భారీ అన్నాను కదా ఆవిడది, ఆ రోజు ఎత్తలేదు.

పెద్దలు ఒక పొద్దున్న ఆ ఇంటి వాకిట్లో కూర్చున్నారు. నాన్నని చాపతో సహా బయటికి మోసుకొచ్చారు. మా తరఫున మా మేనమామ వచ్చాడు. నాన్న వంశానికి పెద్ద, గడ్డం నెరిసిన మనిషి, అడగాల్సినట్టే అడిగాడు.

"ఏం తప్పు చేసింది ఈ పిల్ల?"

"తప్పేం లేదు" అన్నాడు నాన్న. "నాకే ఇష్టం లేదు."

"ఇష్టం లేదా? చంకలో పాలు తాగే బిడ్డ ఉన్నదాన్ని ఇష్టం లేదని వదుల్తావా? మంచాన పడి నీకు బుర్ర పనిచెయ్యట్లేదు." పక్కవాళ్ళ వైపు తిరిగాడు. "ఇలాంటి దానికి సుద్ద పూస్తే రేపు మన పిల్లల్ని ఎవడైనా ఇలాగే వదుల్తాడు. లేవండి పోదాం."

కర్రలు పట్టుకుని లేస్తున్నారు. నాన్న కళ్ళు మూసుకున్నాడు. చెయ్యాలనుకున్నది చెయ్యలేకపోయిన మనిషి మొహం అది. నాకు ఇప్పటికీ కనపడుతుంది.

అమ్మ లేచి నిలబడింది.

"నత్తలు వండి పంపాను" అంది.

 మేనమామ "కూర్చోవే" అంటూ గుడ్డ పట్టి లాగాడు. అమ్మ కూర్చోలేదు.

"తెలియక పడిందా?" అన్నాడు పెద్దాయన. తెలియక అంటే ఒక కోడితో క్షమాపణ అయిపోతుంది. ఆయన ఆ దారి చూపిస్తున్నాడు.

"తెలిసే. నేనే కడిగాను, నేనే వేశాను. పైకి కనపడేలా పెట్టాను."

"సాక్ష్యం?"

పొకువా అత్త అమ్మ చంకలోని మా తమ్ముణ్ణి చూసింది. తర్వాత గోడవార వరసగా కూర్చున్న తన పిల్లల్ని చూసింది. "మూత నేనే తీశాను. నత్తలే" అంది.

పెద్దాయన ఉమ్మేశాడు. తెల్లసుద్ద ముద్ద నీళ్ళలో తడిపి తెచ్చారు. నాన్న చెయ్యి దానంతట అది లేవలేదు. అత్తే మణికట్టు పట్టి ఎత్తింది. అమ్మ వంగి భుజం దగ్గరికి తెచ్చింది. ఆయన పూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అంతే. మేమింటికి వచ్చేశాం.

ఆ సాయంత్రం కుండ వెళ్ళలేదు. అమ్మమ్మ వండినదంతా అమ్మ ముందు పెట్టి, ఆవిడ తినేదాకా ఎదురుగా కూర్చుంది. రోజూ అలాగే కూర్చుంది. పాలు ముందు కొద్దిగా, తర్వాత మామూలుగా వచ్చాయి. తమ్ముడు మళ్ళీ ఏడవడం నేర్చుకున్నాడు. వాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే అమ్మమ్మ నవ్వేది.

ఊళ్ళో అమ్మకి నత్తల ఫోసువా అని పేరు పడింది. వాగు దగ్గర ఆడవాళ్ళు తమ బిందెలు పక్కకి జరుపుకునేవాళ్ళు. చావబోయే మొగుడికి నిషిద్ధం పెట్టింది, మహాతల్లి, అనేవాళ్ళు, వినపడేలాగే. ఒక పిల్ల నన్ను చూసి నత్తలా పాక్కుంటూ నడిచింది. దాని పళ్ళు రాలగొట్టాను. అసలు సంగతి చెప్పమని నేను గొడవ చేస్తే అమ్మ ఒక్కటే అంది, "చెబితే ఆ సుద్ద చెల్లదు. నోరు మూసుకో."

రోట్లో దంచే వేళకి సెర్వా మా వాకిలి బయటకొచ్చి నిలబడేది. అడిగేది కాదు. అమ్మమ్మ చూడకుండా అమ్మ తన పళ్ళెంలోంచి ఒక ముద్ద చేతిలో పెట్టి పంపేది. ఒకరోజు అమ్మమ్మ చూసింది. వెళ్ళి తలుపు వేసేసింది. "ఇద్దర్ని బతికించే కూడు లేదే ఇక్కడ. నన్ను తిట్టుకో, పర్వాలేదు" అంది. అమ్మ తిట్టలేదు. తలుపు తీయనూ లేదు. సెర్వా బయట ఎంతసేపు నిలబడిందో నాకు తెలీదు. కొన్నాళ్ళకి కాళ్ళు వాచి, జుట్టు ఎర్రబడి, అది పోయింది.

తమ్ముడు బతికాడు, సెర్వా బతకలేదు. ఈ రెండు ముక్కల్నీ విడివిడిగా చెప్పడం నాకు రాదు. ఇప్పుడు కుమాసి పట్నంలో నాకో తిండి కొట్టు ఉంది, వాడే సరుకు తెస్తాడు. వాడు బస్తా దించి చెమట తుడుచుకుంటుంటే సంతోషం వేస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో ఇన్నేళ్ళకీ తేలలేదు. అమ్మమ్మ మీదా? ఆవిడ లేకపోతే వాడు లేడు.

నాన్న మబ్బులు పట్టిన రోజుల్లో పోయాడు. ఆ ఏడు చావులకి జనానికి పోయడానికి కల్లు లేదు, నీళ్ళు పోశారు. నాన్న గదిలో ఆయన్ని కడిగి పడుకోబెట్టారు. వాకిట్లో వంశం వాళ్ళు ఎర్రగుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. మా వాళ్ళలో పిల్లలు తల్లి వంశం, అందుకని చనిపోయినవాడి పిల్లలం మేము ఇంకోవైపు కూర్చోవాలి. విధవ కూర్చోవాల్సిన చోట చాప వేసి లేదు. అత్త మా ఇంటికి వచ్చి, "వీడు అక్కడ ఉండాలి" అని తమ్ముణ్ణి అడిగి తీసుకెళ్ళి నా ఒళ్ళో పెట్టింది.

అమ్మ ఊరి జనంతో పాటు వరసలో వచ్చింది. ఆ ఇంటి తరఫున మాట్లాడే ముసలాయనకి కళ్ళు సరిగా ఆనవు. వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగి, పైకి చెప్పి, అప్పుడు చేతులు కలపనిస్తాడు.

"ఎవరమ్మా? పోయినాయనకి ఏమవుతావు?"

వరసలో ఉన్నవాళ్ళంతా తలలెత్తారు. వెనకాల ఎవరో నవ్వారు కూడా.

"ఈ ఊరిదాన్ని" అంది అమ్మ.

"ఊరి మనిషి ఒకామె వచ్చింది" అని ముసలాయన గట్టిగా చెప్పాడు. అమ్మ వరసలో ఒక్కొక్కరి చేతికీ చెయ్యి కలిపి, అత్త చేతికీ కలిపి, బయటికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. నేను ఊపాను, నీళ్ళు తాగించబోయాను, వాడు వినలేదు. శవం దగ్గర పసిబిడ్డ అంతలా ఏడవకూడదని పెద్దవాళ్ళు గొణిగారు. పొకువా అత్త లేచి వాణ్ణి ఎత్తుకుంది. నేనూ వెనకాల వెళ్ళాను. అమ్మ ఇంటికి పోలేదు. నాన్న గది గోడకి బయటివైపు, ఎండలో, వీపు ఆనించి కూర్చుని ఉంది.

అత్త వాణ్ణి అందించింది. అమ్మ అందుకుని రొమ్ముకి పట్టుకుంది. పాలు ఎంత వచ్చాయంటే వాడికి పొలమారింది. దగ్గి, వదిలేసి, మళ్ళీ పట్టుకున్నాడు. అత్త వాడి కడుపు నిండేదాకా అక్కడే నిలబడి చూసింది. తర్వాత వాణ్ణి తీసుకుని, నాన్న పిల్లల వరసలో కూర్చోబెట్టడానికి లోపలికి వెళ్ళింది. అమ్మ రొమ్ము మీద గుడ్డ సర్దుకుని ఆ గోడ దగ్గరే ఉండిపోయింది.